రెండు పరీక్షల మధ్య తొమ్మిది రోజుల్లో నాలుగు దేశాలు తిరిగి రావచ్చా?

ప్రశ్న: అక్కా, మాది సత్తెనపల్లి. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఎక్స్చేంజ్ మీద ఒక సెమిస్టర్ చదవడానికి ఏప్రిల్‌లో జర్మనీలోని డ్రెస్డెన్ వచ్చాను. ఇప్పుడు జూన్ నెలాఖరు. జూలై 24న ఒక పరీక్ష, ఆగస్టు 4న ఇంకో పరీక్ష ఉన్నాయి. ఆగస్టు 20న ఇంటికి ఫ్లైట్. ఇక్కడున్న మనవాళ్ళు నలుగురు జూలై 25 నుంచి ఆగస్టు 2 దాకా ఆమ్‌స్టర్‌డామ్, బ్రస్సెల్స్, పారిస్, స్విట్జర్లాండ్ తిరిగొద్దాం రమ్మంటున్నారు. మనిషికి 900 యూరోలు అవుతుందట. వెళ్ళేదాకా ఖర్చులకు నా దగ్గర మొత్తం 2,000 ఉన్నాయి. నాన్నేమో ‘మళ్ళీ మళ్ళీ వెళ్తామా, ఇంకొంత సర్ది పంపిస్తాను, అన్నీ చూసి రా’ అంటున్నారు. రెండో పరీక్ష కష్టమైనది. వెళ్తే అది పోతుందేమోనని టెన్షన్, వెళ్ళకపోతే తర్వాత బాధపడతానేమోనని దిగులు. ఇన్నాళ్ళూ క్లాసులు, వంట, ల్యాబ్ రిపోర్టులతోనే సరిపోయింది, డ్రెస్డెన్ కూడా సరిగా చూడలేదు. ఒంటరిగా వెళ్ళాలంటే భయం. ఏం చేయమంటారు?

జవాబు: చెల్లీ, ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. జూలై 25 ప్రయాణానికి రాలేనని చెప్పెయ్. రెండో పరీక్ష రాశాక ఒకే ఒక్క ప్రయాణం పెట్టుకో, అది కూడా నాలుగైదు రోజులకు మించకుండా. ఈలోపు వచ్చే శనివారం నుంచే, పొద్దున బయల్దేరి రాత్రికి నీ గదికి వచ్చి పడుకోగలిగిన ఊళ్ళు చూడటం మొదలుపెట్టు. ఆగస్టు 13 దాటాక మాత్రం డ్రెస్డెన్ వదలకు.

వద్దనడానికి మొదటి కారణం పరీక్షే. అక్కడే డిగ్రీ చేసే పిల్లలకు ఒక సబ్జెక్టు పోతే వచ్చే సెమిస్టర్‌లో మళ్ళీ రాసుకుంటారు. నువ్వు అప్పటికి హైదరాబాద్‌లో మీ కాలేజీలో కూర్చుని ఉంటావు. అక్కడి క్రెడిట్లు ఇక్కడ లెక్కలోకి రాకపోతే ఆ సబ్జెక్టును మీ కాలేజీలో మళ్ళీ చదవాల్సి రావచ్చు, అదీ నాలుగో సంవత్సరంలో, ప్లేస్‌మెంట్ల హడావుడి మధ్యలో. మీ కాలేజీలో ఎక్స్చేంజ్ వ్యవహారాలు చూసేవాళ్ళకు ఇవాళే ఒక మెయిల్ పెట్టు: ఎన్ని క్రెడిట్లు తప్పనిసరి, ఒక సబ్జెక్టు పోతే సంగతేంటి అని. చాలామంది పిల్లలు ఈ ప్రశ్న మార్కులు వచ్చాకే అడుగుతున్నారు.

రెండో కారణం ఆ ప్రయాణంలోనే ఉంది. డ్రెస్డెన్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కి రైల్లో దాదాపు రోజంతా పడుతుంది. స్విట్జర్లాండ్ నుంచి వెనక్కి రావడానికి ఇంకో రోజు. మధ్యలో బ్రస్సెల్స్‌కి, పారిస్‌కి, అక్కడి నుంచి స్విట్జర్లాండ్‌కి మారిన ప్రతిసారీ హాస్టల్ ఖాళీ చేసి, బ్యాగులు మోసి, కొత్త ఊళ్ళో గది వెతుక్కునేసరికి సగం రోజు పోతుంది. తొమ్మిది రోజుల్లో నిజంగా చూడటానికి మిగిలేది అయిదున్నర రోజులు, నాలుగు దేశాలకూ కలిపి. పైగా జర్మనీ రైళ్ళ సంగతి నీకు ఇప్పటికే అనుభవమై ఉంటుంది. 2024లో అక్కడి దూరప్రయాణపు రైళ్ళలో వేళకు నడిచినవి 62.5 శాతమే, అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని వేళకు వచ్చినట్టే లెక్కేస్తే. ఒక్క కనెక్షన్ తప్పితే చౌకగా కొన్న తర్వాతి బస్సు టికెట్టో విమానం టికెట్టో చేజారుతుంది. ఆగస్టు 2 రాత్రి ఏ జామునో గది చేరి, ఒక్క రోజు చదివి నాలుగో తారీఖున రాస్తే ఆ కష్టమైన పరీక్ష పోతుందేమోనని నువ్వే రాశావు. నీ అంచనా సరైనదే.

డబ్బు లెక్క కూడా చూద్దాం. రెండు నెలల అద్దె, ఇన్సూరెన్స్, తిండి పోను నీ 2,000లో మిగిలేది ఏడు వందల ప్రాంతం. నాన్నగారు సర్దుతానన్నారు నిజమే, కానీ ఆయన పంపే ప్రతి వంద యూరోలకూ ఇక్కడ ఎన్ని రూపాయలు అవుతున్నాయో నీకు తెలుసు. ఆ డబ్బు అడగాల్సిన అవసరం లేకుండానే ఈ ఏడు వందల్లో నువ్వు తృప్తిగా తిరగొచ్చు. ఎలాగో చెప్తాను.

నీ సెమిస్టర్ ఫీజులోనే డాయిచ్‌లాండ్ టికెట్ కలిసి ఉందా లేదా మొదట చూసుకో. 2023 మే నుంచి ఆ టికెట్టు నడుస్తోంది, చాలా విశ్వవిద్యాలయాలు విద్యార్థులకు తక్కువ ధరకు ఇస్తున్నాయి. అది ఉంటే దేశమంతా ట్రాములు, సిటీ బస్సులు, ఎస్-బాన్ అనే లోకల్ రైళ్ళు, ప్రాంతీయ రైళ్ళు అన్నీ నీకు ఉచితమే అనుకో. ఐసీఈ, ఐసీ, ఈసీ అని రాసి ఉన్న దూరప్రయాణపు బండ్లు మాత్రం ఎక్కకూడదు, జరిమానా వేస్తారు. ఆ టికెట్టును ఇన్నాళ్ళూ గది నుంచి క్యాంపస్‌కి వెళ్ళడానికే వాడావు కదా. ఈ చివరి వారాల్లో దాని విలువ మొత్తం రాబట్టుకో.

వచ్చే శనివారం స్టేషన్‌లో ఎస్ 1 అనే ఎస్-బాన్ ఎక్కు. బాడ్ షాండౌ వైపు వెళ్ళేది. ముప్పావు గంట లోపే రాతెన్ వస్తుంది. ఎల్బ నది ఒడ్డున చిన్న ఊరు. స్టేషన్ ఒక గట్టున, ఊరు అవతలి గట్టున. మధ్యలో పడవ. దానికి ఇంజను ఉండదు, తాడు కట్టి ఉంటుంది, నది ప్రవాహమే దాన్ని అటూ ఇటూ తోస్తుంది. కొద్దిపాటి చిల్లర తీసుకుంటారు. దిగాక అడవిలోంచి మెట్లదారి. అరగంట, ముప్పావు గంట ఎక్కితే బాస్తై వంతెన మీద ఉంటావు. ఇసుకరాతి స్తంభాల మధ్య 1851లో కట్టిన రాతి వంతెన అది. కింద 194 మీటర్ల లోతున నది వంపు, ఆ వంపులో ఆడుకునే బొమ్మంత చిన్నగా నువ్వు దిగివచ్చిన రైలు. ఈ కొండలన్నిటినీ కలిపి సాక్సన్ స్విట్జర్లాండ్ అంటారు. వంతెన మీద నడవడానికి టికెట్ లేదు. డబ్బాలో పులిహోర కట్టుకుని వెళ్ళు, పైన హోటళ్ళు ఖరీదెక్కువ. పదకొండు దాటాక టూరిస్టు బస్సులు వచ్చేస్తాయి కాబట్టి ఏడింటి బండికే పో. లేదంటే సాయంత్రం వెళ్ళు. జూలైలో అక్కడ పొద్దుగూకేది తొమ్మిది దాటాకే, నాలుగింటికి బయల్దేరినా వెలుగుండగానే దిగి రావచ్చు. ఆ నలుగురినీ కూడా ఈ ప్రయాణానికి పిలువు. వాళ్ళతో దూరం పెరుగుతుందేమోనన్న బెంగ ఉంటే దానికి దీన్ని మించిన మందు లేదు. ‘పరీక్ష ఉంది, పెద్ద ట్రిప్‌కి రాలేను, ఈ శనివారం అందరం కలిసి బాస్తై వెళ్దాం’ అని చెప్తే నొచ్చుకునే స్నేహితులెవరూ ఉండరు.

ఇక డ్రెస్డెన్‌లోనే, రైలు కూడా అక్కర్లేని చోటు ఒకటుంది. సత్తెనపల్లి అమ్మాయి అది చూడకుండా ఇంటికి వస్తే నేను ఒప్పుకోను. పాత ఊళ్ళో రాజుగారి కోట ఉంది కదా, అందులో ‘గ్రీన్ వాల్ట్’ అనే ఖజానా మ్యూజియం. పాతది, కొత్తది అని రెండు భాగాలు, రెంటికీ వేర్వేరు టికెట్లు. నువ్వు చూడాల్సింది కొత్తది. అక్కడ ‘డ్రెస్డెన్ గ్రీన్’ అనే 41 క్యారట్ల ఆకుపచ్చ వజ్రం ఉంది. డ్రెస్డెన్ రాజధానిగా ఉన్న సాక్సనీ పాలకుడు మూడో ఆగస్టస్ పద్దెనిమిదో శతాబ్దంలో కొన్నాడు, తర్వాత టోపీకి పెట్టుకునే ఆభరణంలో పొదిగించారు. భూమి లోపల సహజమైన రేడియేషన్ తగలడం వల్ల దానికి ఆ రంగు వచ్చింది. ఆ వజ్రం కృష్ణా తీరంలోని కొల్లూరు గని నుంచి వెళ్ళిందని చెబుతారు. కొల్లూరు మీ పల్నాడుదే. ఇప్పుడా గనులు పులిచింతల నీళ్ళ కింద ఉన్నాయి. మనం ఇక్కడ చూడలేని మన మట్టిలోని రాయి నీ హాస్టల్ నుంచి ట్రాము దూరంలో గాజు పెట్టెలో ఉంది.

అదే మ్యూజియంలో ఔరంగజేబు పుట్టినరోజు దర్బారు కూడా చూడు. డింగ్లింగర్ అనే కంసాలి తన అన్నదమ్ములతో కలిసి 1701 నుంచి 1708 దాకా చేశాడు. బంగారం, ఎనామెల్, వేలాది వజ్రాలు. ఒక బల్ల మీద పట్టేంత దర్బారులో నూటికి పైగా చిన్న చిన్న మనుషులు, ఏనుగులు, ఒంటెలు, కానుకలు మోసుకొచ్చే నౌకర్లు. ఆ కంసాలి మన దేశం ఎప్పుడూ చూడలేదు, యాత్రికుల రాతలూ బొమ్మలూ చూసి ఊహించాడు. అందుకే కొందరు మనుషులు చైనావాళ్ళలా, కొందరు ఈజిప్టు వాళ్ళలా కనిపిస్తారు. ముక్కు గాజుకు ఆనించి అరగంట చూడొచ్చు. ఈ కోటకు మంగళవారం సెలవు. పక్కనే ఉన్న త్స్‌వింగర్ అనే రాజభవనంలో రఫాయెల్ గీసిన సిస్టీన్ మడోన్నా పెయింటింగ్ ఉంది, దానికి సోమవారం సెలవు. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే తల దిమ్మెక్కుతుంది. వజ్రాలకు ఒక పూట, పెయింటింగులకు ఇంకో పూట. ఇవి పరీక్షల వారంలో కూడా చేయొచ్చు, పొద్దున చదువుకుని రెండింటికి వెళ్ళి ఐదింటికి తిరిగి వచ్చి మళ్ళీ పుస్తకం తీయొచ్చు.

జూలై రెండో శనివారానికి లైప్‌జిగ్ పెట్టుకో. ప్రాంతీయ రైల్లో గంటా నలభై నిమిషాలు. సంగీతకారుడు బాఖ్ 1723 నుంచి చనిపోయేదాకా పనిచేసిన థామస్ చర్చి అక్కడే ఉంది. 1989లో తూర్పు జర్మనీ ప్రజలు ప్రతి సోమవారం ప్రార్థన ముగించుకుని ప్రభుత్వానికి వ్యతిరేకంగా వీధుల్లోకి నడిచింది అక్కడి నికొలాయ్ చర్చి నుంచే. ఆ రెండూ పొద్దుటిపూట చూసేసి, ఓపిక ఉంటే ఎస్-బాన్‌లో ఇంకో నలభై నిమిషాలు ముందుకు, హాలె దాకా వెళ్ళు. ఎక్స్చేంజ్ పిల్లలు వెళ్ళే ఊళ్ళ జాబితాలో హాలె సాధారణంగా ఉండదు, కానీ తెలుగువాళ్ళకు ఆ ఊరితో ఒక బంధముంది. ఫ్రాంకె అనే మతబోధకుడు 1698లో అక్కడ అనాథ పిల్లలకూ చదువుకూ కట్టించిన భవనాలు ఇప్పటికీ ఒక పేటలా నిలబడి ఉన్నాయి. తరంగంబాడిలో, మద్రాసులో పనిచేసి తెలుగు నేర్చుకున్న జర్మన్ మతబోధకుడు బెంజమిన్ షుల్ట్జ్ వెనక్కి వెళ్ళి స్థిరపడింది హాలెలోనే. తెలుగు లిపిలో అచ్చయిన మొట్టమొదటి పుస్తకాలుగా లెక్కకు వచ్చేవి 1740లలో అక్కడ వెలువడ్డాయి. అక్కడి పాత గ్రంథాలయం, దేశదేశాల వింతవస్తువులు అద్దాల బీరువాల్లో పెట్టిన గది ఇప్పటికీ చూడొచ్చు.

ఇంకో శనివారం దొరికితే గోర్లిట్జ్. పాత ఊరి వంతెన దాటితే పోలండ్. అక్కడ యూరోలు కాకుండా జ్లోటీలు నడుస్తాయి. అంతకంటే చెప్పడానికేం లేదు, హాయిగా నడిచి రావడమే. పాస్‌పోర్టు మాత్రం తప్పకుండా జేబులో ఉండాలి. 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ తన సరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు పెట్టింది, రైళ్ళలోకి కూడా పోలీసులు వస్తారు. వీసా ఫొటో ఫోన్‌లో ఉంది కదా అంటే కుదరదు.

ఇప్పుడు ఆగస్టు. నాలుగో తారీఖున పరీక్ష రాసి, అయిదున కడుపునిండా నిద్రపోయి, ఆరున బయల్దేరు. నాకైతే ప్రాగ్, వియన్నా బాగుంటాయనిపిస్తుంది. రెండూ ఒకే రైలు దారిలో ఉన్నాయి. డ్రెస్డెన్ నుంచి ప్రాగ్ రెండున్నర గంటలు, ఎల్బ పక్కనే పోతుంది బండి. ప్రాగ్ నుంచి వియన్నా నాలుగు గంటలు. రెండేసి రాత్రులు ఉండి పదో తారీఖుకి గదికి వచ్చేయొచ్చు. టికెట్లు ఇప్పుడే కొంటే చౌక. అయితే చౌక టికెట్లకు సాధారణంగా డబ్బు వెనక్కి రాదు కాబట్టి, పరీక్ష తేదీ ఖాయమైందని డిపార్ట్‌మెంట్ పేజీలో చూసుకున్నాకే కొను. నీకు పారిస్ చూడాలనే ఉంటే పారిస్‌కే వెళ్ళు, నాలుగు రోజులూ అక్కడే ఉండు. ఏడు వందల్లో శనివారాల చిల్లర ఖర్చులు పోయినా ఇది అందులోనే సర్దుకోవచ్చు. జర్మనీ ఇచ్చిన నీ వీసా మీద మిగతా షెంగెన్ దేశాల్లో (ఒకే వీసా ఒప్పందంలో ఉన్న ఐరోపా దేశాలు) 180 రోజుల్లో 90 రోజుల దాకా తిరగొచ్చు. లండన్ మాత్రం కుదరదు, దానికి వేరే వీసా. ఎప్పుడైనా స్విట్జర్లాండ్ వెళ్తే అక్కడ నీ సిమ్ రోమింగ్ ఛార్జీలు చూసుకో, అది యూరోపియన్ యూనియన్‌లో లేదు.

ఆగస్టు 13 గీత ఎందుకు గీశానంటే, ఊరి రిజిస్ట్రేషన్ (నువ్వు ఆ ఊళ్ళో ఉంటున్నట్టు ఆఫీసులో చేయించుకున్న నమోదు) రద్దు చేయించుకోవడం అక్కడి నుంచి వెళ్ళడానికి వారం ముందు నుంచే వీలవుతుంది. ఆ కాగితం చేతికొస్తే మిగతావి కదులుతాయి. రేడియో, టీవీ రుసుము నెలకు 18.36 యూరోలు నీ పేరున ఉంటే ఆ కాగితం చూపించి ఆపించాలి, లేకపోతే నువ్వు సత్తెనపల్లిలో ఉన్నా బిల్లు నడుస్తూనే ఉంటుంది. ఇన్సూరెన్స్ ఆపించడం, ఫోన్ కాంట్రాక్టు రద్దు, మార్కుల పత్రం ఎప్పుడు ఎలా పంపుతారో కనుక్కోవడం, ఇవన్నీ పనిదినాల్లో, ఆఫీసు వేళల్లోనే అయ్యేవి. బ్యాంకు ఖాతా తొందరపడి మూయొద్దు. గదికి కట్టిన అడ్వాన్సు నువ్వు వెళ్ళిన కొన్ని వారాలకు గానీ వెనక్కి రాదు, ఆ డబ్బు ఏ ఖాతాలో పడాలో ముందే రాసివ్వు.

గది అప్పగించడానికి హాస్టల్ కేర్‌టేకర్ దగ్గర టైమ్ తీసుకోవడం జూలైలోనే చేసెయ్, నెలాఖరుల్లో దొరకదు. ఆయన వచ్చి ఫ్రిజ్ తలుపు రబ్బరు మడతల్లోకి కూడా చూస్తాడు. గడ్డకట్టిన మంచు ముందురోజే కరిగించి తుడిచి పెట్టు. స్టవ్ గాజు మీద పోపు చింది మాడిన మచ్చలకు సూపర్ మార్కెట్‌లో చిన్న బ్లేడు గీకుడు పరికరం దొరుకుతుంది, దాన్ని వాలుగా పట్టి గీకితే గాజుకి గీత పడదు. గోడ మీద పసుపు మరకలు ఉంటే ఇప్పుడే చూసుకో. అడ్వాన్సులో కోత పడేది ఎక్కువగా వీటి దగ్గరే. ఆదివారం అక్కడ దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి ఇంటికి తెచ్చే చాక్లెట్లూ, సామాను తూచుకునే చేతి త్రాసూ శనివారానికే కొనిపెట్టుకో.

నాన్నగారికి ఈ మాట నువ్వే ఫోన్ చేసి చెప్పు, అమ్మ ద్వారా వద్దు. తాను చూడలేకపోయినవన్నీ కూతురు చూడాలని ఆయన ఆశ. పారిస్ మానేశానని మొదలుపెడితే డబ్బు గురించి వెనకాడుతున్నావేమో అనుకుంటారు. ‘పరీక్ష రాసి ఆగస్టులో వెళ్తున్నా నాన్నా, డబ్బు సరిపోతుంది’ అని మొదలుపెట్టు. కొల్లూరు వజ్రం చూసిన రోజు వీడియో కాల్ చెయ్యి. ఆ గనుల ఊళ్ళు మునగకముందు నుంచీ ఆ చుట్టుపక్కల తిరిగిన మనిషి అయి ఉంటే నీకంటే ఆయనకే ఎక్కువ కబుర్లు ఉంటాయి.

ఒంటరిగా వెళ్ళడం గురించి. మొదటిసారి దూరం వద్దు, మైసెన్ వెళ్ళు. అదే ఎస్ 1, రాతెన్‌కి వ్యతిరేక దిశలో నలభై నిమిషాల లోపు. దారి తప్పడానికి వీల్లేదు, దాదాపు లైను చివరి ఊరు. 1710లో ఐరోపాలో మొదటి పింగాణీ కర్మాగారం పెట్టిన కోట కొండమీద ఉంటుంది, కింద బజారు చౌకులో చర్చి గంటలు కూడా పింగాణీవే, టైమ్ చూసుకుని నిలబడితే వినొచ్చు. పగటిపూట వెళ్ళి చీకటి పడకముందే వచ్చెయ్. బయల్దేరే ముందు పక్కగది అమ్మాయికి ఏ బండికి వస్తావో చెప్పు, ఫోన్ చార్జర్‌తో పాటు చిన్న పవర్ బ్యాంకు పెట్టుకో, ఆఖరి బండి కాకుండా దాని ముందు రెండు బండ్ల టైములు కాగితం మీద రాసుకో. ఏదైనా ఇబ్బంది వస్తే అత్యవసర నంబరు 112, పోలీసులకు 110, ఈ రెండూ ఫోన్‌లో బ్యాలెన్స్ లేకున్నా కలుస్తాయి. మైసెన్ ఒక్కదానివే వెళ్ళొస్తే లైప్‌జిగ్‌కి తోడు కోసం చూడవు.